రుచి చూసి బాగుందన్నవాళ్ళు ఆర్డరు ఎందుకు పెట్టరు? గానుగ నూనె ప్రశ్నకు నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గజపతినగరం దగ్గర చెక్క గానుగ పెట్టి ఏడాదిన్నర అయింది. నువ్వుల నూనె, వేరుశనగ నూనె తీస్తున్నారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వచ్చి మరీ పట్టుకెళ్తున్నారు, కొన్నవాళ్ళే మళ్ళీ వస్తున్నారు. అదే నూనె విజయనగరంలో హోటళ్ళకీ, ఒక స్వీటు షాపుకీ, ఒక ఫ్యాక్టరీ క్యాంటీనుకీ లీటరు చొప్పున శాంపిలు ఇస్తే అందరూ బాగుందన్నారు, ఒక్కరూ ఆర్డరు పెట్టలేదు. లీటరుకి 30 రూపాయలు తగ్గిస్తే కొంటారా అని అడుగుతున్నారు.

తగ్గించకండి. మీరు రాసినదాన్ని బట్టి వాళ్ళెవరూ ధర దగ్గర ఆగలేదు. ధర దగ్గర ఆగినవాడు బేరమాడతాడు. "పది లీటర్లు తీసుకుంటే ఎంతకిస్తారు" అని ఒక్కరైనా అడిగారా? మీ ప్రశ్నలో ఆ మాట ఎక్కడా లేదు. బాగుందని చెప్పి పంపించేశారంటే అడ్డొచ్చింది వేరే. నా అనుభవంలో అది ఇంచుమించు ప్రతిసారీ ఒకటే: రేపు తేడా వస్తే మాట ఎవరు పడాలి? ఇంటికి కొన్నా, కంపెనీకి కొన్నా మనిషి ముందు తూచుకునేది దీన్నే. ఇంట్లో రుచి చూసేదీ, డబ్బులిచ్చేదీ, మాట పడేదీ చాలాసార్లు ఒక్కరే. వ్యాపారంలో ఆ మూడు పనులూ ముగ్గురివి. మీరు శాంపిలు ఇచ్చింది మాట పడే మనిషికి కాదని నా అనుమానం.

నేను పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో జీడిపప్పు పనిలోకి వచ్చి 23 ఏళ్ళయింది. మొదటి మూడేళ్ళు గ్రేడింగు బల్ల దగ్గర మిగతా ఆడవాళ్ళతో కూర్చుని పప్పు ఏరాను. తర్వాత సొంతంగా చిన్న యూనిట్ పెట్టాను. ఇప్పుడు ఇళ్ళకీ, పెళ్ళిళ్ళకీ, స్వీటు షాపులకీ, రెండు క్యాంటీన్లకీ ఇస్తున్నాను. సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనుకునే ఆడపిల్లల శిక్షణ తరగతుల్లో అప్పుడప్పుడు పాఠం చెప్పమంటారు, అందుకోసం ఈ విషయం మీద కొంత చదివాను కూడా. నూనె నా సరుకు కాదు. మీ పరిస్థితి మాత్రం నేను పడ్డదే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఇళ్ళ సంగతి. మీరు అక్కడ నెగ్గుతున్నారు. ఎందుకు నెగ్గుతున్నారో తెలిస్తేనే రెండోచోట పనికొస్తుంది.

రెండేళ్ళ క్రితం టెక్కలి వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది, కూతురి పెళ్ళి. భార్యాభర్తలు, ఆయన తల్లి. ఆయన చెప్పులు విప్పకముందే రేటు అడిగాడు. ఆవిడ ఏమీ అడగలేదు. డబ్బాలోంచి ఒక పప్పు తీసి రెండు వేళ్ళ మధ్య విరిచింది. టక్కున విరిగిందా, మెత్తగా వంగిందా అన్నది చూసింది. విరిగినచోట ముక్కు దగ్గర పెట్టుకుంది. నోట్లో మాత్రం వేసుకోలేదు. ముసలావిడ గోడ వారగా కుర్చీలో కూర్చుని ఒక్కటే మాట అంది: "పాయసంలోకి బద్ద సాలు. సారెలోకి గుండే ఎట్టండి. పదిమంది సూస్తారు, రేపు పిల్లనంతారు."

సారెలోకి 210 గుండు 5 కేజీలు, వంటలోకి బద్ద 12 కేజీలు తీసుకున్నారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, గుండు అంటే విరగని పప్పు, బద్ద అంటే రెండుగా చీలింది. 210 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 200 నుంచి 210 పప్పులు తూగే రకం. నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. నిజానికి గుండుకీ బద్దకీ రుచిలో తేడా ఏమీ ఉండదు, ఒకే చెట్టు గింజ, ఒకటి ఒలిచేటప్పుడు విరిగింది, ఇంకొకటి విరగలేదు. అయినా ఆ ఇంటివాళ్ళు ఒకే గంటలో రెండు రకాల మనుషుల్లా కొన్నారు. బద్ద దగ్గర కేజీకి 10 రూపాయల కోసం పావుగంట బేరమాడారు. గుండు దగ్గర బేరమే లేదు. "రేపు పిల్లనంతారు" అన్న మాట ముందు రేటు నిలబడలేదు.

డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు 1979లో ప్రచురించిన సిద్ధాంతంలో దీని మూలం ఉంది. వంద వచ్చిన సంతోషం కంటే వంద పోయిన బాధ మనిషికి బరువుగా తోస్తుందని వాళ్ళు చూపించారు. కానెమన్‌కి 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చింది ఇలాంటి పరిశోధనకే. వాళ్ళు డబ్బుతో చూపించిన సంగతినే ఆ ముసలావిడ పరువుతో చెప్పింది. మనవైపు పెళ్ళి సరుకు అమ్మేవాళ్ళెవరైనా పరువు పోవడాన్ని డబ్బు పోవడం కంటే ఓ మెట్టు పైనే పెట్టుకోవాలి.

ఇప్పుడు మీ నూనె దగ్గరికి రండి. మీ దగ్గరికొచ్చే ఇల్లాలు గానుగ తిరగడం కళ్ళారా చూస్తుంది. నువ్వులు పోయడం, తెలగపిండి పక్కకి రావడం, నూనె కారడం అన్నీ తన ముందే జరుగుతాయి. వంటనూనెలో ఆవిడ భయం కల్తీ. ఆ భయం మీ గుమ్మంలోనే పోతుంది. ఇంటికెళ్ళాక అత్తగారో, భర్తో "ఇంత రేటేంటి" అంటే "నా కళ్ళముందు ఆడించారు" అని జవాబు చెప్పుకోగలదు. మీరు ఆవిడకి నూనెతోపాటు ఆ జవాబు కూడా ఇచ్చి పంపుతున్నారు. హోటలు వాడికి సీసా ఒక్కటే అందింది.

ఇంకో రెండు మాటలు ఇళ్ళ గురించే. ఒకప్పుడు నా కౌంటరు మీద 11 రకాలుండేవి. వచ్చినవాళ్ళు అన్నీ చూసి, అన్నీ అడిగి, "మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోయేవారు. ఇప్పుడు మూడే పెడతాను: సారెకి, తినడానికి, వంటకి. మిగతావి లోపల ఉంటాయి, అడిగితే తీస్తాను. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనేవాళ్ళు 2000లో ప్రచురించిన ఒక పరిశీలన మీరు వినే ఉంటారు. దుకాణంలో 24 రకాల జామ్ పెట్టినప్పుడు ఆగినవాళ్ళలో 3 శాతం మంది కొన్నారు, 6 రకాలు పెట్టినప్పుడు 30 శాతం. తర్వాత వేరేవాళ్ళు చేసినప్పుడు ప్రతిచోటా అదే ఫలితం రాలేదు కాబట్టి దాన్ని శాసనంలా పట్టుకోవద్దు. కానీ ఏది కొనాలో తెలియని కొత్త మనిషికి రకాలు ఎక్కువైతే "తప్పుది ఎంచుకుంటానేమో" అన్న భయం పెరుగుతుందన్నది నేను రోజూ చూస్తున్నదే.

రెండోది, ఇంట్లో కూడా కొనేది ఒక్కరే అనుకోవద్దు. పెళ్ళికి వంటమేస్త్రి చీటీ రాస్తాడు. ఆ చీటీలో "పలాస బద్ద, తెల్లది" అని ఉంటే ఆ ఇంటాయన ఇంకోటి కొనడు, ఎందుకంటే వంట చెడితే మేస్త్రి "నేను రాసింది వేరు, మీరు తెచ్చింది వేరు" అంటాడు. అందుకని సీజను ముందు నేను వంటమేస్త్రుల దగ్గరికి వెళ్తాను. వాళ్ళకి కమీషను ఇవ్వను, అడిగినవాళ్ళకీ ఇవ్వలేదు. పప్పు వేయించి చూపిస్తాను, ఏ వంటకి ఏది చాలో చెబుతాను. ఎక్కువ రేటు పప్పు అక్కర్లేని చోట అక్కర్లేదని చెబితే, అవసరమైన చోట నా మాట నమ్ముతారు.

ఇక వ్యాపారాల సంగతి. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవండి, మీకు కావలసింది ఇదే.

విజయనగరంలో ఒక పాత స్వీటు షాపుకి మొదటిసారి వెళ్ళినప్పుడు నేను కూడా మీలాగే చేశాను. 240 గుండు, నా దగ్గరున్న మంచి పప్పు, పట్టుకెళ్ళాను. ఓనరు గల్లా దగ్గర కూర్చుని నాలుగు పప్పులు తిని "చాలా బాగుందమ్మా, ఒక డబ్బా పంపండి" అన్నారు. పంపాను. డబ్బులు కూడా వెంటనే ఇచ్చారు. ఆ తర్వాత ఫోను లేదు. నేను చేస్తే "చూద్దాం" అన్నారు. మూడుసార్లు అదే. నేనూ అప్పుడు రేటు తగ్గిస్తే పోలేదా అనుకున్నాను.

నాలుగోసారి ఓనరు దగ్గరికి వెళ్ళలేదు. పొద్దున్న ఆరు గంటలకి వెనక సందులోంచి వంటశాలకి వెళ్ళాను. స్వీటు మాస్టారు జీడిపప్పు పొడి జల్లిస్తున్నారు. అరవై దాటినాయన, సోంపేట వైపు మనిషి. పేరు చెప్పగానే చేతిలో జల్లెడ పక్కన పెట్టారు. "ఆ డబ్బా మీదేనా అమ్మా?" అన్నారు. తర్వాత ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ మాటకి మాట గుర్తుంది: "రుబ్బీదానికి గుండేటి, ముక్కేటి? నాకు తెల్లగా ఉండాల. సెమ్మ డబ్బాడబ్బాకీ ఒక్కనాగే ఉండాల. మీ పప్పుతోటి పాకం నా లెక్కకి రానేదు, రెండు ట్రేలు పక్కనెట్టీసినాను. ఓనరు నన్నంతాడు గాని మిమ్మల్నంతాడా?"

మా పప్పు ఆయన వాడే పప్పు కంటే పొడిగా ఉంది, అంతే. నాణ్యతలో అది మంచిదే. కానీ ఇన్ని కేజీల పప్పుకి ఇంత పంచదార, పాకం ఇంతసేపు అని ఆయనకి 30 ఏళ్ళ చేతిలెక్క ఉంది. ఆ లెక్క పాత సరుకు తేమకి కుదురుకుని ఉంది. నా మంచి సరుకు ఆయన చేతిని తప్పించింది.

వారం తర్వాత తెల్ల ముక్క రెండు కేజీలు పట్టుకుని మళ్ళీ పొద్దున్నే వెళ్ళాను. ముందు రోజు ఆయన దగ్గరున్న పప్పు గుప్పెడు అడిగి తెచ్చుకుని, దానికి దగ్గరగా ఉండేలా ఆరబెట్టాను. ఆయన కాజూ కత్లీ చేస్తుంటే పక్కనే నిలబడ్డాను. ముద్ద బల్ల మీద వేసి, కర్రతో రేకులా పరిచి, అంచు గోటితో నొక్కి చూశారు. పగల్లేదు. నాతో ఏమీ అనలేదు. చేతులు కడుక్కుని ముందు గదిలోకి వెళ్ళి ఓనరుతో "ఇకనించి ఈ అమ్మ దగ్గరే" అన్నారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా, 14 ఏళ్ళుగా, ఆ షాపు నా దగ్గరే తీసుకుంటోంది. పైగా ముక్క కాబట్టి వాళ్ళకి కేజీ ధర తగ్గింది, ఇంటివాళ్ళు అడగని ముక్కకి నాకు ఖాయమైన గిరాకీ దొరికింది. నేను రేటు తగ్గించి 240 గుండే ఇస్తూ ఉంటే ఇద్దరం నష్టపోయేవాళ్ళం.

ఫ్రెడరిక్ వెబ్‌స్టర్, యోరమ్ విండ్ అనే ఇద్దరు 1972లోనే దీన్ని ఒక పద్ధతిలో పెట్టారు. సంస్థల్లో కొనేది ఒక మనిషి కాదు, ఒక గుంపు అన్నారు: వాడేవాళ్ళు, ప్రభావం చూపేవాళ్ళు, కొనుగోలు పని చూసేవాళ్ళు, నిర్ణయించేవాళ్ళు, మనల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు. చిన్న షాపులో ఒకే మనిషి రెండు మూడు పాత్రలు వేస్తాడు. నా స్వీటు షాపులో నిర్ణయం ఓనరుది, వాడేదీ ప్రభావం చూపేదీ మాస్టారు, సరుకు తూకం వేసి దించుకునేది ఓనరు బావమరిది. ఆ బావమరిది మీద కూడా ఒక మాట: తూకం 50 గ్రాములు తగ్గినా ఆయనకే తలనొప్పి కాబట్టి నేను ప్రతి డబ్బాలో 50 గ్రాములు ఎక్కువే వేస్తాను. మీ జాబితాలో ఉన్న ప్రతి షాపుకీ ఈ పాత్రలు ఎవరెవరివో ఒక కాగితం మీద రాసుకోండి. ఒక పాత్ర ఎదురుగా పేరు రాయలేకపోతే మీ శాంపిలు అక్కడే ఆగిందన్నమాట.

క్యాంటీను కథ వేరు. పైడిభీమవరం వైపు ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులోకి వెళ్ళడానికి నాకు ఏడు నెలలు పట్టింది. అక్కడ రుచి ఎవరూ చూడలేదు. ముందు కాగితాలు అడిగారు: జీఎస్టీ, ఆహార భద్రత లైసెన్సు, బ్యాంకు వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు, కొటేషను. నా కొటేషను మరో రెండింటి పక్కన పెట్టారు. నాదే తక్కువ. అయినా ఆర్డరు పాతవాళ్ళకే వెళ్ళింది. అప్పుడు బాధపడ్డాను గాని తర్వాత అర్థమైంది. పాత సప్లయరు దగ్గర కొని తేడా వస్తే పర్చేజు ఆయన్ని ఎవరూ ఏమీ అనరు, "ఎప్పుడూ వచ్చే మనిషే కదా" అంటారు. కొత్త మనిషి దగ్గర కొని తేడా వస్తే "ఈవిడని ఎవరు తెచ్చారు?" అంటారు. కేజీకి 15 రూపాయలు మిగిలితే కంపెనీకి మిగులుతుంది, మాట మాత్రం ఆయనకి పడుతుంది.

1967లో రాబిన్సన్, ఫారిస్, విండ్ అనేవాళ్ళు వ్యాపార కొనుగోళ్ళని మూడు రకాలుగా విడదీశారు. పాత సరుకునే అలవాటుగా మళ్ళీ తెప్పించడం ఒకటి, కొంచెం మార్చి తెప్పించడం ఇంకోటి, మొదటిసారి కొత్తది కొనడం మూడోది. మొదటి దాంట్లో కొత్తవాళ్ళకి తలుపు మూసే ఉంటుంది. ఎంత మంచి సరుకైనా తట్టి ఉపయోగం లేదు. అది తెరుచుకునేది ఏదో ఒకటి తప్పినప్పుడే, పాతవాళ్ళ లోడు రానప్పుడో, క్యాంటీను కాంట్రాక్టు మారినప్పుడో. ఆ రోజు వాళ్ళకి గుర్తొచ్చే రెండో నంబరు మనదై ఉండాలి. నేను ప్రతి నెలా మొదటి వారం పర్చేజు ఆయనకి ఒక్క ఫోను చేసేదాన్ని, రెండు నిమిషాలు, ఆ నెల రేటు చెప్పి పెట్టేసేదాన్ని. సంక్రాంతికి కార్మికులకి స్వీటు ప్యాకెట్లు కట్టాలి, పాతవాళ్ళ సరుకు రాలేదు. రాత్రి ఎనిమిదికి నాకు ఫోను వచ్చింది. ఆ రాత్రే 40 కేజీలు వ్యాన్‌లో ఎక్కించి, నేనూ డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళాను. ఫిబ్రవరి నుంచి రెగ్యులరు ఆర్డరు.

కాబట్టి మీకు క్యాంటీను నుంచి జవాబు రాకపోవడం తిరస్కారం కాదు. అక్కడ ఇంకా అవసరం పడలేదు.

ఒక జాగ్రత్త. వ్యాపారాలకి అమ్మితే అప్పు తప్పదు. మా పక్క ఒక కంపెనీ నా బిల్లు అయిదు నెలలు ఆపింది. ఆ అయిదు నెలలూ ఒలిచేవాళ్ళకి వారం వారం కూలి ఇవ్వడానికి గాజులు తాకట్టు పెట్టాను. అప్పటికి నాకు చట్టం తెలియదు. ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం 2006లో వచ్చింది. దాని ప్రకారం మీలాంటి సూక్ష్మ, చిన్న తయారీదారుకి ఒప్పందం రాసుకున్నా 45 రోజుల్లోపు, రాసుకోకపోతే 15 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. దాటితే వడ్డీ బ్యాంకు రేటుకి మూడింతలు, నెల నెలా చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్నులో కూడా, గడువు దాటాక ఇచ్చిన మొత్తాన్ని కొన్నవాళ్ళు చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపించుకోగలరు. అందుకే ఇప్పుడు చాలా కంపెనీల అకౌంట్సు వాళ్ళు మొదటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ప్రభుత్వం దగ్గర చిన్న పరిశ్రమగా నమోదు) ఉందా అని అడుగుతున్నారు. మీరు ఇంకా చేయించకపోతే ఈ వారమే చేయించండి, ఆన్‌లైన్లో ఉచితం. బిల్లు మీద ఆ నంబరు అచ్చు వేయించండి.

జీఎస్టీ విషయంలో కూడా చాలామంది తికమక పడతారు. మీరు కాంపోజిషన్లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం కట్టే పద్ధతి) ఉన్నా, అసలు రిజిస్ట్రేషనే లేకపోయినా, కొన్నవాళ్ళకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే కొన్నప్పటి పన్నుని తాము కట్టే పన్నులోంచి తగ్గించుకోలేరు. వంటనూనె మీద పన్ను 5 శాతమే కాబట్టి మొత్తం చిన్నదే, కానీ స్వీట్లు తయారుచేసి అమ్మేవాళ్ళు, పచ్చళ్ళ కంపెనీలవాళ్ళు దాన్ని లెక్కేస్తారు. అదే మామూలు హోటలైతే 5 శాతం జీఎస్టీ కట్టేది క్రెడిట్ లేకుండానే, కాబట్టి మీ దగ్గర రిజిస్ట్రేషను ఉన్నా లేకపోయినా ఆయనకి ఒరిగేది లేదు. ఎవరి దగ్గరికి వెళ్తున్నారో బట్టి ఇది మారుతుంది. మీ ఆడిటరుతో ఒకసారి కూర్చోండి.

సరుకు తప్పకుండా అందడం గురించి ఒక అనుభవం చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్ళతో సహా పడిపోయాయి. కరెంటు రోజుల తరబడి లేదు, ఆరబెట్టే బోర్మా ఆగిపోయింది, మా షెడ్డు రేకులు రోడ్డు అవతల దొరికాయి. దీపావళికి నెల కూడా లేదు. మూడు స్వీటు షాపుల దీపావళి ఆర్డర్లు నా దగ్గరున్నాయి. ఫోను సిగ్నలు దొరికిన మొదటి రోజే ముగ్గురికీ చేశాను: "నా యూనిట్ ఇప్పట్లో నడవదు. సగం వేరేచోట కొని పంపుతాను, మీ రేటుకే. మిగతా సగానికి ఇప్పుడే వేరే ఏర్పాటు చూసుకోండి." ఆ సగం మీద నాకు కేజీకి 60 రూపాయలు చేతినుంచి పడ్డాయి. ముగ్గురూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నారు. ఒకాయన తర్వాత అన్నారు, "మీరు ఇవ్వలేనన్నది ముందే చెప్పారు, అదే నాకు సరుకు ఇచ్చినట్టు" అని. పండగ ముందు రోజు చేతులెత్తేసే మనిషే ఆయన భయం. ఇంటి గిరాకీకి ఇది ఇంత పట్టదు, మీ దగ్గర నూనె అయిపోతే ఆవిడ వారం ఆగి వస్తుంది. హోటలు ఒక పూట కూడా ఆగదు.

ఇక అసలు మీ నూనె గురించి. ఇక్కడ కొంచెం కటువుగా చెబుతాను, ఏమనుకోకండి.

లీటరు సీసా ఇంటి కొలత. హోటల్లో నూనె లెక్క 15 కేజీల డబ్బా. లీటరు నూనెతో ఒక వాయి పూరీ కూడా సరిగ్గా రాదు, కాబట్టి మీ శాంపిలు చాలాచోట్ల బాణలిలోకి చేరనే లేదని నా నమ్మకం. ఓనరు ఇంటికి పట్టుకెళ్ళి ఉంటారు. ఒకవేళ చేరినా, వడకట్టి తేరిన గానుగ నూనె డీప్ ఫ్రైకి పెట్టింది కాదు. నురుగు వస్తుంది, త్వరగా పొగ వస్తుంది, బజ్జీకి నువ్వుల వాసన పడుతుంది. వాళ్ళు వాడే పామాయిలు ధర ముందు మీరు 30 కాదు, 100 తగ్గించినా దరిదాపుల్లోకి వెళ్ళలేరు. ఆ బాణలి మీది కాదు. దాని కోసం ఇంటి గిరాకీని పాడుచేసుకోకండి. గజపతినగరం ఎంత ఊరు? హోటలుకి 30 తక్కువకి ఇస్తున్నారని రెండోవారానికి మీ పాత గిరాకీకి తెలుస్తుంది. "ఇన్నాళ్ళూ మా దగ్గర ఎక్కువ తీసుకున్నారా?" అన్న ప్రశ్న ఒకటి. "ఇంత తక్కువకి ఎలా వస్తోంది, ఏం కలుపుతున్నారు?" అన్నది ఇంకా ప్రమాదం. లీటరు నువ్వుల నూనెకి రెండున్నర కేజీల దాకా నువ్వులు పోతాయని మనవైపు ఆడవాళ్ళకి నోటిలెక్క. ఆ లెక్కకి అందని ధర వాళ్ళని భయపెడుతుంది.

మీ నూనె వాసనే వంటకి విలువ తెచ్చే చోట్లు చూడండి. పచ్చళ్ళు పెట్టి అమ్మేవాళ్ళు మొదటివాళ్ళు. మన ఉత్తరాంధ్ర ఆవకాయ నువ్వుల నూనెతోనే కదా. నూనె తేడా వస్తే జాడీ మొత్తం పోతుంది, మాట ఏడాదంతా పడాలి, కాబట్టి వాళ్ళు నూనె దగ్గర పిసినారితనం చెయ్యరు. వాళ్ళ పని మామిడికాయతో మొదలవుతుంది, మార్చి దాటాక వెళ్తే అప్పటికే నూనె మాట్లాడేసుకుని ఉంటారు. జనవరిలో వెళ్ళండి. వాళ్ళని మీ గానుగ దగ్గరికి పిలవండి, ఇంటి ఇల్లాలికి చూపించిందే వాళ్ళకీ చూపించండి. తర్వాత కారప్పొడులు, నువ్వులుండలు చేసేవాళ్ళు. ఆ తర్వాత భార్యాభర్తలు నడుపుకునే చిన్న టిఫిను హోటళ్ళు. అక్కడ వండేదీ, కొనేదీ, గల్లాలో కూర్చునేదీ ఆ ఇద్దరే, కాబట్టి నిర్ణయం ఇంట్లో జరిగినట్టే జరుగుతుంది. ఇడ్లీ మీద కారప్పొడిలోకి వేసే చెంచాడు నూనెకి మీ నూనె అడగండి, బాణలిలోకి కాదు.

ప్రతి డబ్బా మీద సీలు, లేబులు, ఆడించిన తేదీ, బ్యాచ్ నంబరు ఉండాలి. లూజుగా డబ్బాలో పోసి పంపకండి. ప్రతి బ్యాచ్ నుంచి పావు లీటరు మీ దగ్గర దాచండి. ఎవరైనా "ఈసారి తేడాగా ఉంది" అంటే ఆ సీసా తీసి పక్కన పెట్టి ఇద్దరూ కలిసి చూడొచ్చు. నేను పప్పు అలాగే దాస్తాను, డబ్బాకి గుప్పెడు. కొన్నవాళ్ళకి కూడా ఆ సంగతి ముందే చెబుతాను. అమ్మిన మూడో రోజు ఫోను చేసి ఎలా కుదిరిందో కనుక్కోవడం కూడా మానకండి. కొన్నాక మనిషి మనసు కొన్నాళ్ళు ఊగుతుంది, సరైనదే కొన్నానా అని. అప్పుడు మీ గొంతు వినబడితే ఊరట.

మొట్టమొదట మాత్రం ఆ స్వీటు షాపుకి వెళ్ళండి. వెనక తలుపు ఎటుందో చూసుకుని, పొద్దున్నే, ఓనరు రాకముందు. మీ నూనె లోపలికి చేరిందా, చేరితే ఏం వండారు, ఏం తేడా వచ్చింది అని మాస్టారినే అడగండి. అమ్మడానికి వచ్చానని చెప్పకండి, తెలుసుకోవడానికి వచ్చానని చెప్పండి. ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి తర్వాత ఏం చెయ్యాలో చూద్దాం.